అతుకు

గ్లాస్గోలో ఆదివారం. బారస్ సంతలో వాన.
టార్పాలిన్ కింద ఒక మడత బల్ల,
దాని మీద వరసగా పడుకోబెట్టిన ఈ-సిగరెట్లు
ఇప్పుడే వలలోంచి తీసిన చేపల్లా మెరుస్తూ.
ముప్పై అయిదు పౌండ్ల సరుకు, నీకు ఏడుకే, అన్నాడు కుర్రాడు.
నలభై రెండేళ్లు పొగ తాగినవాడికి
ఏడు అనే అంకె ఎంత తియ్యగా ఉంటుందో!

కొత్త బిచ్చగాడు పొద్దెరగడు.
నేను మానేసి అప్పటికి పదకొండు రోజులు.
ఏది కొనాలో తెలీదు, ఎలా పీల్చాలో తెలీదు,
తెలిసిందల్లా చేతులకి ఏమీ తోచకపోవడం.
కొన్నాను.

సెంగా కొట్టు సందు చివర,
మంగలి షాపుకీ చిప్స్ బండికీ మధ్య.
ఆగ్నెస్ అన్న పేరు అక్షరాలు వెనక నుంచి చదివితే సెంగా.
"తిరగేసిన సరుకు గురించి నాకా చెప్తావు,
మా అమ్మ నన్నే తిరగేసింది" అంటూ ఉంటుంది.

పెట్టె తెరవలేదు. ముందు అరచేతిలో ఆడించింది.
"తేలిక" అంది.
"బ్యాటరీ ఉండాల్సిన చోట సగం గాలి.
పైన అచ్చేసిన అంకె వాళ్ల కోరిక, అంతే."
తర్వాత హెచ్చరిక చూపించింది.
నా కళ్లజోడు ఇంట్లో ఉండిపోయింది.
"ఇక్కడ ఒక అక్షరం ఎగిరిపోయిందయ్యా.
నీ ప్రాణం గురించి రాసిన ఒక్క వాక్యాన్నీ
సరిచూసుకోనివాడు
లోపల తీగ సరిగ్గా చుట్టి ఉంటాడా?"

వెండిపూత గోటితో గీకింది. కింద అంకెలు.
ఫోన్లో కొడితే జవాబొచ్చింది:
ఈ నంబరును ఇప్పటికి నాలుగు వందల పన్నెండు మంది అడిగారు.

నాలుగు వందల పన్నెండు!
ఒక్కరి మొహమూ తెలీదు నాకు.
అయినా అందరి జేబుల్లోనూ అదే ఏడు పౌండ్ల తెలివి.
నవ్వొచ్చింది. కాస్త చుట్టరికం కూడా కలిసినట్టనిపించింది.

అప్పుడు ఇటివ్వమన్నాను.
కళ్లజోడు లేకపోతేనేం, బొటనవేలుంది.
గోవన్ యార్డులో ముప్పయ్యేళ్లు
ఓడల పొట్టకి రేకులు అతికిన బొటనవేలు.
అడుగున మర తిప్పాను. గరగర,
పంటి కింద రాయి పడ్డట్టు.
పక్కనే అతుకు.
తిన్నగా బయల్దేరింది, మధ్యలో చెయ్యి వణికింది,
ఆగింది, మళ్లీ మొదలైంది.
ఆగిన చోట ఒక బుడిపె.

ఈ బుడిపె నాకు తెలుసు.
పదిహేడో ఏట నేను పెట్టిన మొదటి అతుకులో
అచ్చం ఇలాంటిదే ఉండేది.
ఫెర్గస్ మెక్‌ఫేల్, మా మేస్త్రీ,
సుత్తితో ఒక్క దెబ్బ వేసి దాన్ని ఊడగొట్టి
తిట్టకుండా, నా మొహం కూడా చూడకుండా
"మళ్లీ చెయ్" అన్నాడు.
ఆ రోజు ఎనిమిదిసార్లు చేశాను.

ఇది ఎక్కడ అతికారో, ఏ రాత్రి షిఫ్టులోనో,
ఆడపిల్లో మగపిల్లాడో,
వాళ్లకి మళ్లీ చెయ్యమని చెప్పినవాళ్లు లేరు.
ఇంకా ఎన్ని అని అడిగి ఉంటారు.

"ఛార్జికి పెట్టావో చూడు" అంది సెంగా,
"దిండు పక్కనైతే అసలే వద్దు."
బ్యాటరీ ఊడదీసి ఇసుక డబ్బాలో పడేసింది.
అసలుది ముప్పై ఎనిమిది. రెండు వాయిదాల్లో ఇమ్మంది.
సరే అన్నాను. సంతలో మిగిల్చింది
సంతలోనే పోయిందనుకున్నాను.

ఖాళీ గొట్టం మాత్రం నేనే అడిగి తెచ్చుకున్నా.
కోటు జేబులో ఉంటుంది.
బస్‌స్టాపులో పక్కవాడు అగ్గిపుల్ల గీసినప్పుడు
బొటనవేలు వెళ్లి ఆ బుడిపె మీద నిలబడుతుంది
పొగ అటు పోయేదాకా.

ఇవాళ్టికి ఇరవై ఆరు రోజులు.