మోకాలెత్తు అర

మే నెల మూడో వారం, బార్న్‌స్లీ.
మున్సిపాలిటీ వారి పచ్చిక కోసే యంత్రం మీద
పద్దెనిమిదేళ్ళుగా కూర్చుంటున్నవాణ్ణి,
నాకు ఒక్క తుమ్మూ రాదు.
నా వంతువి కూడా కలిపి
మా అమ్మాయికి వస్తాయి.

నేను తలుపు తీస్తే చాలు
మేడ మీద గదిలోంచి మొదలు:
ఒకటి, రెండు, ఏడు, పదకొండు.
చింతనిప్పుల్లా కళ్ళు,
కోపం మాత్రం ఎవరి మీదా లేదు.
ఒళ్ళో లెక్కల పుస్తకం, పేజీలు తడిసి ఉబ్బి
రొట్టెలా లేచింది.

తుమ్మితే ఊడే ముక్కు ఎన్నాళ్ళుంటుందంటారే,
ఇది ఊడదు, అదే గొడవ.
"ఊడితే బాగుణ్ణు నాన్నా, కొత్తది కొనుక్కుందాం"
అంటుంది టామ్సిన్.
కొత్తది ఎంతవుతుందోనని
లోపల ఒక లెక్క నిజంగానే నడుస్తుంది నాకు.

మందుల షాపులో
టీవీలో కనిపించే డబ్బా పదకొండు పౌండ్లు.
జేబులో ఏడున్నాయి,
అందులో అయిదు కరెంటు మీటరువి.
డబ్బా తీసి, పెట్టి, మళ్ళీ తీశాను.
కౌంటర్ వెనక అమ్మాయి, బ్యాడ్జీ మీద నస్రీన్ అని ఉంది,
లేచి వచ్చి
కింది అరలోంచి ఇంకో డబ్బా లాగి
రెండింటినీ బోర్లా తిప్పి పక్కపక్కన పెట్టింది.
"చదవండి."

చదివాను, కళ్ళజోడు లేకుండా, చెయ్యంత దూరం పెట్టి.
మందు పేరు ఒకటే. పది మిల్లీగ్రాములూ ఒకటే.
చివర చీమ తలకాయంత నంబరు, అదీ ఒకటే.
ఇది ఒక పౌండు ఇరవై.

"అంటే ఇన్నేళ్ళూ నేను కొన్నది అట్టముక్కా?"
"దాని మీద పొద్దుతిరుగుడు తోట బొమ్మ ఉంది కదండీ"
అని నవ్వింది.

మోకాలెత్తు అర అది,
వంగితే తప్ప కనపడదు.
వంగడం నాకేం కొత్త?
ఎవరూ చెప్పలేదంతే, ఎక్కడ వంగాలో.

డబ్బులు తీసుకుంటూ ఇంకో మాట అంది:
"ముక్కు అంచున కాస్త వాజిలీన్ రాయమనండి.
దుప్పట్లు బయట ఆరేయకండి.
ఇంట్లోకి పుప్పొడి ఎవరు మోసుకొస్తున్నారో చూసుకోండి."
ఇద్దరం ఒకేసారి నా బూట్ల వైపు చూశాం.
ప్యాంటు మడతల్లో
మధ్యాహ్నపు పార్కు మొత్తం ఉంది.

పెరట్లో బొగ్గుల కొట్టం.
మా నాన్న గనిలోంచి వచ్చి
ఇక్కడే నిలబడి నలుపు కడుక్కునేవాడు.
గని మూసి నలభై ఏళ్ళు కావస్తోంది.
ఇప్పుడు నేను అదే పంపు కింద
పసుపు కడుక్కుంటున్నాను.
చన్నీళ్ళు. నిక్కరు మీద.
పక్కింటి హెప్‌వర్త్ గారు మొదటి రోజు కర్టెన్ వేసుకుంది,
మూడో రోజు నుంచి వేసుకోవడం మానేసింది.

జూన్ తొమ్మిది, లెక్కల పరీక్ష.
ఆ రోజు నా కాగితంలో ఉన్నది వాళ్ళ బడి మైదానమే.
సూపర్‌వైజర్ బ్రిన్ దగ్గరికెళ్ళి
"రెండ్రోజులాగుదాం, నేల తడిగా ఉంది" అన్నాను.
వాన పడి పన్నెండు రోజులైంది.
బ్రిన్ కిటికీలోంచి ఆకాశం చూశాడు,
నన్ను చూశాడు,
అతనికీ ఇద్దరు పిల్లలు.
"అవును, బాగా తడిగా ఉంది" అంటూ
రిజిస్టర్లో రాసుకున్నాడు.

ఆ పొద్దంతా శ్మశానంలో గడ్డి కోశాను.
అక్కడ ఎవరూ తుమ్మరు.

సాయంత్రం మెట్ల మీద కూర్చుని ఉంది టామ్సిన్,
బూట్లు విప్పకుండా.
ఎలా రాశావని అడగలేదు నేను.
తనే చెప్పింది:
"పద్నాలుగో ప్రశ్న దగ్గర ఒక్కసారి వచ్చింది."
"ఒక్కసారేనా?"
"ఒక్కటే."

ఒంటి తుమ్ము మంచిది కాదంటారట కొన్ని దేశాల్లో.
మా ఇంట్లో ఆ పూట
దానికి చేపలూ చిప్సూ తెప్పించాం.
వెనిగర్ చల్లుతుండగా
రెండోది వచ్చింది.