మునిగిన చుక్క

హడర్స్‌ఫీల్డ్‌లో వాన, ఎవరో పిండి జల్లిస్తున్నట్టు.
మెథడిస్టు చర్చి వెనక హాలు.
నిన్నటి పిల్లల డ్యాన్సు క్లాసులో రాలిన తళుకులు
ఇంకా నేలమీదే ఉన్నాయి.
వాటి మధ్య, పడుకోవాలో కూర్చోవాలో
తేల్చుకోలేని కుర్చీలు.

ముందు అర లీటరు నీళ్లు తాగమన్నారు.
తరవాత ప్రశ్నలు.
పచ్చబొట్టు వేయించుకున్నారా? పన్ను పీకించుకున్నారా?
కొత్త మనిషితో పడుకున్నారా?
లేదని టిక్కు పెట్టాను.
యాభై రెండేళ్లదాన్ని అడిగినందుకు
కొంచెం మురిసిపోయాను కూడా.
ఇండియా వెళ్లొచ్చి నాలుగు నెలలు దాటిందా?
దాటింది.
అక్కడ దోమలు ఏనాడూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు.

బెవర్లీ నా చెయ్యి పట్టుకుంది.
అంగుస్తానా పెట్టే వేలొద్దు, అది రాయి,
పక్క వేలు తీసుకోమన్నాను.
ఒక్క చుక్క.
మైలతుత్తం రంగు నీళ్లలోకి వదిలింది.

పోయినసారి ఇక్కడే ఆగిపోయాను.
చుక్క మునగలేదు. సగంలో నిలబడి
ఏదో ఆలోచించుకుని
మెల్లగా పైకి తేలింది.
'ఇనుము తక్కువ, బంగారం' అంది బెవర్లీ.
రోజంతా ఇనుముతోనే నా బతుకు.
కత్తెర, సూది, ఇస్త్రీపెట్టె.
ఒంట్లో మాత్రం లేదట.
ఇవ్వనిదానికి తినడమేమిటని
బిస్కెట్టు ముట్టకుండా వెళ్లిపోయాను.

మూడు నెలలు ఇనుము కోసం రాగి తాగాను, జావ కాచుకుని.
మునగాకు పొడి, గోంగూర,
అన్నానికీ టీకీ మధ్య గంట ఎడం.
అన్నిటికంటే ఆ ఎడమే కష్టమైంది.

ఇవాళ చుక్క
బావిలో చేద జారినట్టు మునిగింది.
నేనూ బెవర్లీ ఒకేసారి ఊపిరి వదిలాం.

ఈ ఊళ్లోవాళ్ల ప్యాంట్లు పొట్టి చేస్తూ
పెళ్లి గౌన్లు వదులు చేస్తూ ఇరవై ఆరేళ్లు.
సూది నాకు కొత్త కాదు.
దాని ముందు చెయ్యి చాచి పడుకోవడం కొత్త.
అందరూ మొహం తిప్పుకుంటారట. నేను చూశాను,
పనితనం ఎలా ఉందోనని.
ఒక్క పోటు. వంకర లేదు.
ఆ తరవాత నొప్పి లేదు.
గొట్టం ముంజేతికి ఆనినచోట వెచ్చన.
నా వేడి నాకే బయటినుంచి తగిలింది.
దీనికి మాట ఉందేమో, నాకు తెలీదు.

మడమలు మెలేసి, తొడలు బిగించి, వదలమన్నారు.
పక్కన సంచీని
చిన్న తొట్టి అటూ ఇటూ ఊపుతోంది,
గడ్డ కట్టకుండా, పసిదాన్ని జోకొట్టినట్టు.

అవతలి కుర్చీలో డెరిక్. ఇది తొంభై మూడోదట.
ఎప్పుడో వాళ్లావిడ కాన్పులో
ఎవరో ఇచ్చిన నాలుగు సంచీలు ఎక్కించారట.
ఇంకా బాకీ తీరలేదా అన్నాను.
'అప్పిచ్చిందెవరో చెప్పలేదమ్మా,
కనబడ్డ ప్రతివాడికీ కడుతున్నా' అని
కళ్లు మూసుకున్నాడు.

రక్తం పంచుకు పుట్టినవాడొకడున్నాడు నాకు.
గోడ విషయంలో మాటా మాటా వచ్చి
పదకొండేళ్లుగా ఫోనెత్తడు.
పంచుకోవడం ఎంతసేపు?
గోడ గడియారం చూశాను. తొమ్మిది నిమిషాలు.

దూది, పట్టీ, లేచేటప్పుడు నిదానం.
లేచాను. హాలు ఒక్కసారి
పడవలా ఒరిగి, సర్దుకుంది.
ఈసారి బిస్కెట్లు మూడు తిన్నాను,
నాలుగోది సంచీలో వేసుకున్నాను.

పద్దెనిమిది రోజుల తరవాత, గురువారం,
ఎవరిదో కోటు చేతులు బిగిస్తుంటే ఫోను మోగింది.
నా రక్తం వేక్‌ఫీల్డ్ ఆస్పత్రికి పంపారట.
ఎవరికో రాయలేదు.
కొలతలు తీసుకోకుండా ఇచ్చింది ఇదొక్కటే.
సరిపోయిందో లేదో
షాపుకొచ్చి చెప్పేవాళ్లు లేరు.

నోటినిండా గుండుసూదులు.
నవ్వడానికి వీల్లేకపోయింది.