ఎనిమిదో సైకిలు

భీమవరం అయిపోయే చోట
రొయ్యల మేత దుకాణం మీద, రెండో అంతస్తు.
తెల్లారగట్ల నాలుగూ ముప్పావుకి షట్టరెత్తితే
ముందు మేత వాసన, తర్వాత రబ్బరు వాసన,
ఆ వెనకాలే నిన్నటి చెమట.
పద్నాలుగు సైకిళ్ళు, ఒక్కదానికీ టైరుండదు.
ఎనిమిదో దానికి పెడల్ వదులు.
కొత్తవాళ్ళకి ఇవ్వను, నేనే ఎక్కుతాను.

నా రూళ్ళ పుస్తకంలో పాటల పేర్లుండవు,
అంకెలుంటాయి.
అరవై నాలుగు: ఎక్కుడు.
తొంభై రెండు: చదును.
నూట పది: ఊపిరి మిగిలితే.

చదును తప్ప ఎరగని నేల మాది.
"కొండెక్కుతున్నాం!" అని
శిక్షణలో నేర్పిన మాటే మొదటిరోజు అరిచాను.
మిల్లు గుమస్తా పేర్రాజు గారు కిటికీలోంచి చూశారు.
చెరువు, గట్టు, చెరువు, కొబ్బరి మొవ్వులు,
ఆపైన అంతా ఆకాశమే.
"ఎక్కడండీ?" అన్నారు, పాపం, మర్యాదగా.

అప్పట్నుంచి మాట మార్చాను.
"వెనక క్యారేజీకి బస్తా కట్టారు.
గట్టు తడిసుంది.
ఎదురుగాలి, నరసాపురం వైపు నుంచి.
నాబ్ ఒక్క చుట్టు తిప్పండి."
పద్నాలుగు వీపులూ ఒక్కసారే వంగాయి.
ఆ గాలి తెలియని వాళ్ళెవరు?

రెండేళ్ళకోసారి నా సర్టిఫికెట్ చచ్చిపోతుంది.
పన్నెండు గంటలు చదివి బతికించుకోవాలి.
రాత్రిపూట మా జ్యోత్స్న లెక్కల పుస్తకం పక్కన నా ఫోను.
గుండె గదులు, మోకాలి చిప్ప, సీటు ఎత్తు.
ఒక్క ట్యూబులైటు కింద ఇద్దరు పరీక్షల పిల్లలం.
"నీకెన్నొచ్చాయే?"
"డెబ్బై ఎనిమిది."
"ఎనభై రావాలిగా?"
"ముందు నీ భిన్నాలు చూసుకో."

పోయింది సంగీతం పాఠంలోనే.
ముప్పై రెండేసి దెబ్బలు లెక్కపెట్టమంటుంది తెర మీద పిల్ల.
లెక్క చూస్తే కాళ్ళు పోతాయి,
కాళ్ళు చూస్తే లెక్క పోతుంది.

ఉండి కాలవ పక్కన డోలు కోటిలింగం గారింటికి వెళ్ళాను.
కుడిచెయ్యి పడిపోయాక
పెళ్ళి పందిళ్ళు ఆయన్ని పిలవడం మానేశాయి.
నా ఫోనులో పాట విని
"ఇది తాళం కాదమ్మా, గడియారం" అన్నాడు.
ఎడంచేత్తో మంచంపట్టె మీద వేశాడు, తకిట తకధిమి,
నులక కూడా వణికింది.
"దెబ్బ అందరికీ వినపడద్ది. నువ్వు మధ్య ఖాళీ ఇను.
తెడ్డు నీళ్ళలో లేనప్పుడు గూడా పడవ పోతానే ఉంటది."

ఆరు ఆదివారాలు.
ఫీజు: ఆదివారానికో పకోడీ పొట్లం.
పాయింట్లు: లేవు. దరఖాస్తులో ఆ గడే లేదు.

నిన్న మూడో పాట మధ్యలో కరెంటు పోయింది.
స్పీకరు చచ్చింది, ఫ్యాన్లు చచ్చాయి.
నా నోట్లో అంకె నోట్లోనే ఉండిపోయింది.
చీకట్లో, కిటికీ అవతల,
జనరేటరు దగ్గి దగ్గి అందుకుంది.
చెరువుల్లో ఏరియేటర్లు నీళ్ళని కొడుతున్నాయి.

రాత్రంతా చెరువు కాపలా కాసి
నిద్ర కళ్ళతోనే క్లాసుకొచ్చే దుర్గారావు అన్నాడు,
"అవీ మనలాగేనండి మేడం. ఉన్నచోటే తిరుగుతాయి.
గంట ఆగితే రొయ్య తేలిపోద్ది."
ఎవరూ నవ్వలేదు. ఎవరూ దిగలేదు.

ఒకటే చప్పుడు వినిపించింది.
టక్, నా కాలి కింద, ఆ వదులు పెడల్.
టక్.
దాని మీదికి ఒక్కొక్కరే వచ్చి చేరారు,
ముందు నర్సు ఎస్తేరు, తర్వాత దుర్గారావు,
ఆఖర్న రొప్పుతూ పేర్రాజు గారు.
నేనేమీ అనలేదు. ఖాళీ వింటున్నాను.

కరెంటొచ్చింది.
పాట మొదట్నుంచి మొదలైంది, తొంభై రెండు.
మేం అప్పటికే ఎక్కడో ఉన్నాం.
అదే వచ్చి కలుస్తుందిలే అని వదిలేశాను.

మెకానిక్ ఇవాళొచ్చాడు, స్పానరు పట్టుకుని.
మిగతా పదమూడూ చూపించాను.