సగం గడ్డం

గుంతకల్లు స్టేషను రోడ్డులో నా షాపు.
రెండు కుర్చీలు, ఒక అద్దం, అద్దానికి ఒక పగులు.
గడప పక్కన చిన్న కుండీలో
చిట్టి రోజా.

ఉగాదికి దస్తగిరమ్మ తోపుడుబండి మీద కొన్నా.
అప్పుడు పదకొండు మొగ్గలు,
లెక్కపెట్టుకోని తెచ్చినా.
ఆకులు ఎవురు లెక్కపెడతారు?

పూసింది పాపం, శక్తికి మించి పూసింది,
చిన్న జీతగాడు పెద్ద పెండ్లి చేసినట్టు.
ఆ పైన చూస్తే పుల్లలు.
మిగిలిన నాలుగాకులూ పసుపు,
ఈనెలు మాత్రం పచ్చగా
ముసలోళ్ల చేతి నరాల మాదిరి.

తొలకరికి దస్తగిరమ్మ మళ్లీ వచ్చి
బండి ఆపి నన్ను తిట్టింది.
"బోరు నీళ్లు పోస్తాండావా?
ఆ ఉప్పుకు మనిషి నెత్తే రాలిపోతాంటే దీనిదేమి లెక్క!
మొగ్గ కనపడితే గిల్లేయి.
దసరా దాకా ఒక్క పువ్వు ముఖం చూడొద్దు.
పువ్వు తిని పోయేదప్పా,
కూడు వండేది ఆకు."

కొమ్మ యాడ కొయ్యాల్నో కూడా చూపించింది.
మూడాకుల రెమ్మలు దాటి కిందికి దిగితే
ఐదాకుల రెమ్మ దొరుకుతాదంట.
దాని పైన, బయటికి చూసే కన్ను పైన,
ఏటవాలుగా.

ఇరవై రెండేండ్లుగా కత్తెర ఆడిస్తాండా.
పుట్టెంటికలు తీసేటప్పుడు తల్లులు కండ్లు మూసుకుంటే
"ఒత్తుగా వస్తాదిలే తల్లీ" అని నేనే చెప్పినా
కొన్ని వందలసార్లు,
నమ్మకంతో కొంత, అలవాటుగా కొంత.
ఆ పొద్దు మాత్రం
ఆ పుల్ల ముందర నా చెయ్యి వణికింది.
దానికి నేనేమని చెప్పాల?

చెప్పకుండానే కోసినా.

నీళ్లకు ఓబులేసు దిక్కైనాడు.
ఎదురుగా ఏటీఎం కాపలా.
లోపలి ఏసీ రాత్రంతా కార్చే నీళ్లు
రంగు డబ్బాలో పట్టి పెడతాడు.
ఉప్పు లేని నీళ్లు, దుడ్ల గదిలో పుట్టిన నీళ్లు.
"మా బ్యాంకులో వడ్డీ లేని అప్పు నీకొక్కనికే" అంటాడు.

శెనక్కాయ చెక్క మూడు దినాలు నానబెట్టి పోస్తే
ఆ కంపుకు రెండు పాత బేరాలు పక్క షాపుకు పోయినాయి.
పోనీ.

దినమ్మూ చిమ్మి పారేసే వెంట్రుకలు
ఇప్పుడు కుండీ మన్నులో దాపెడతాండా.
రైలు తోలేటోళ్ల నెరిసినవి, కాలేజీ పిల్లోళ్ల నల్లవి,
రంగేసుకున్నవి మాత్రం ఏరి పారేసి.
స్టేషను రోడ్డు తలకాయలన్నీ గుప్పెడు మట్టిలో.
ఏ తలలో ఏ కత ఉండెనో
వేరుకు తెలియాల.

మొదట ఎర్ర చిగురు,
ఉడుత చెవి అంత.
ఒకటి కోసిన చోట రెండు,
రెండు కోసిన చోట ఐదు.
శ్రావణం పోయేలోపల
పుల్ల కనపడకుండా పోయింది.
వేలు పెడితే లోపల చల్లగా ఉంది,
ఈ ఎండల ఊర్లో
అరచెయ్యంత నీడ.

"పువ్వే లేదు కదన్నా, దీన్నెందుకు పెట్టుకున్నావు?"
అడగనోడు పాపాత్ముడు.

ఈ పొద్దు గేటు బసప్పకు గడ్డం గీస్తా గీస్తా
చూపు గడప పక్కకు పోయింది.
ఆకుల లోపల, ఒద్దికగా,
బియ్యపు గింజంత ఎరుపు.
ఎన్ని దినాల్నుంచి దాక్కోనుందో, దొంగది!
దసరాకు ఇంకా పద్దెనిమిది దినాలు.
దస్తగిరమ్మ ఆదోనికి పోయింది,
అడిగేదానికి లేదు.

కత్తి మడిచి పోయి కూర్చున్నా.
వేలు మొగ్గ దాకా పోతాది,
మళ్లీ వస్తాది.

"ఏమప్పా, నురగ ఆరిపోతాంది!"
పగిలిన అద్దంలోంచి బసప్ప,
ఒక చెంప నున్నగా, ఒక చెంప తెల్లగా.

ముప్పై ఏడు, ముప్పై ఎనిమిది...
"ఉండు సోమీ," అన్నా,
"ఆకులు లెక్కపెడతాండా.
తప్పిపోతాది."