రెండు పేర్ల గాడిద

లాము దీవిలో మా పేటకి
మోటారు బండి దూరే సందు లేదు.
ఇసకైనా, సిమెంటైనా, పెళ్ళివారి బియ్యమైనా
గాడిద వీపెక్కే ఇల్లు చేరాలి.
నావి రెండు, దానివి నాలుగు,
ఆరు కాళ్ళ సంసారం మాది.

పేరు ధొరూబా. అంటే తుపాను.
నేనే పెట్టాను, కొన్న రోజున.
రేవు నుంచి ఇంటిదాకా ఆరు వందల అడుగులు,
మధ్యాహ్నం నమాజయ్యాక బయల్దేరి
పొద్దుగూకే నమాజుకి చేరాం.
తుపాను అంత నెమ్మదిగా వస్తే
ఏ పడవా మునగదు.

మామిడి తొక్కంటే ప్రాణం దానికి.
పసిపిల్లలు తోక లాగినా ఓర్చుకుంటుంది.
మా బావమరిది షెకూవే అంటే ఎందుకో పడదు.
వాడి కొత్త చొక్కా జేబు నమిలేసింది,
అందులోని వంద షిల్లింగుల నోటుతో సహా.
రెండ్రోజులు వాడు దాని వెనకాలే తిరిగాడు,
పుల్ల పట్టుకుని, ఆశ చావక.

పోయిన వానల్లో మొదలైందిది.
రాత్రి తాడు విప్పి వదిలేస్తాను,
ఊళ్ళో అందరూ చేసేదే.
పగలు మనది, చీకటి వాటిది, అదీ ఒప్పందం.
మిగతావన్నీ సముద్రపు గోడవార
చెత్త కెలుక్కుంటూ కీచులాడుకుంటుంటే
మాది మాత్రం ఒంటరిగా ఎటో పోయి
తెల్లారేసరికి నిండు కడుపుతో వస్తోంది.
మెడ మీద బొగ్గు మసి చార.
మూతికి ఏదో వాసన,
మా ఇంట్లోది కాదు.

"ఎవర్నో మరిగింది" అంది మా ఆవిడ మ్వనాషా,
నా వంక కూడా ఓసారి చూసి.
ఆ రాత్రి చెప్పులు చేత పట్టుకుని
నా గాడిద వెనక నేనే దొంగలా నడిచాను.

పగడపు రాతి గోడల మధ్య సందులు,
ఇద్దరెదురైతే ఒకరు గుమ్మంలోకి ఒదగాలి.
మెట్ల మీది పిల్లులు మమ్మల్ని లెక్కచెయ్యలేదు.
బస్తా ఉంటే ప్రతి మెట్టు దగ్గరా
పంచాయితీ పెట్టే గాడిద
ఖాళీ వీపుతో గబగబా దిగిపోతోంది.
పేరు నిలబెట్టుకుంది, నేను చూడనప్పుడు.

ఆగింది ఒక తలుపు దగ్గర.
సగం చెక్కిన తలుపు.
ఎడమ రెక్క నిండా తీగలూ పూలూ,
కుడి రెక్క మీద పెన్సిలు గీతలు మాత్రమే.
వడ్రంగి కోంబో ఇల్లది. ఆయన పోయి ఏడాది.
ముక్కుతో రెండుసార్లు తట్టింది.

"ఆలస్యమైందే మరాషీ, కాళ్ళు నొప్పులా?"

మరాషీ. అంటే అత్తరు.
దానికి నాకంటే ముందే ఒక పేరుందని
అమ్మినవాడు చెప్పలేదు. అడగాలని
నాకూ తోచలేదు.

తలుపు తీసింది బి జేనా.
చేతిలో ధూపం కుండ, కళ్ళలో పొరలు.
పండగ బట్టలకి పట్టినట్టు
దాని చెవులకీ జూలుకీ పొగ పట్టింది.
మసి చేత్తో మెడ నిమిరింది.
చేపల ధర చెప్పింది, మోకాలి సంగతి చెప్పింది,
పక్కింటి రేడియో మీద ఫిర్యాదు చెప్పింది.
అది కదలకుండా వింది,
నా మాట ఒక్కనాడూ విననిది.

గాడిదకేం తెలుసు గంధపు వాసన అని
ఎవరన్నారో గానీ,
వాళ్ళింట గాడిద లేదు.

నేను వెనక్కి తిరగబోతుంటే
"ఆ నిలబడ్డ మనిషిని కూడా రమ్మను,
దోమల్లో ఎందుకు" అంది దానితోనే.
తొక్కలు దానికి పెట్టింది,
పండు నాకు కోసింది.
ఇద్దరం గుమ్మం దగ్గరే తిన్నాం.
ఎవరి గాడిద అన్న మాట
ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

ఇప్పుడు పొద్దున్నే రెండు పేర్లూ పిలుస్తాను.
ధొరూబా అంటే ఎడమ చెవి లేస్తుంది,
మరాషీ అంటే కుడిది.
ఇసక బస్తాలు అంటే
రెండూ వెనక్కి పడుకుంటాయి.

షెకూవే వంద షిల్లింగులు మాత్రం
ఇంకా తేలలేదు.