దువ్విన ఇసుక

మంచు ఇంకా పూర్తిగా వదల్లేదు
సారెమా దీవి పడమటి ఒడ్డును.
రాళ్ళ సందుల్లో మురికిపట్టి
అక్కడో పెచ్చు, ఇక్కడో పెచ్చు.
టపా వ్యాను అద్దం దించితే
దూరంగా నీళ్ళ మీద పొడుగు తోక బాతులు:
ఔ-ఔలక్, ఔ-ఔలక్.
ఊరు ఊరంతా ఒకేసారి
తప్పిపోయిన ఎవర్నో పిలుస్తున్నట్టు.

ఈ నెలల్లో నా సంచిలో ఉత్తరాలు తక్కువ,
కబుర్లే బరువు.
గొర్రెల దొడ్డి దగ్గర లైదా చెయ్యి అడ్డం పెట్టి ఆపుతుంది.
"తీతువులొచ్చాయని చెప్పు. ఆరు.
కాదు, ఏడు. ఏడోది కుంటుతోంది."
లైట్‌హౌస్ కాల్యో కిటికీలోంచే
రెండు చేతుల వేళ్ళూ మూడుసార్లు విప్పి మూస్తాడు:
సారసాలు, ఉత్తరానికి.

ఇవన్నీ ఆర్వెడ్‌కి.
జునిపర్ పొదల వెనక చివరి ఇల్లు.
రెండు కళ్ళకీ పాలపొర.
ఆపరేషనుకి పడవెక్కమంటే
వలస అయిపోనీ అంటాడు.
అయిపోయాక, గుడ్లు పొదగనీ అంటాడు.

నోటుబుక్కు నా ముందుకు తోస్తాడు,
యాభై రెండు వసంతాలు, చేపనూనె మరకలు.
నేను రాస్తాను, ఆయన గద్దిస్తాడు.
"గాలి ఎటునుంచి?
గాలి రాయకపోతే పిట్ట దేనిమీద వచ్చినట్టు?"

ఏప్రిల్ పదకొండున యూసెప్,
ముందు పళ్ళు రెండు ఇంకా రానివాడు,
సైకిలు వాకిట్లో పడేసి అరిచాడు
వానకోవెలని చూశానని.
నేను నవ్వాను. ఇంకా పదిహేను రోజులైనా పట్టాలి.
ఆర్వెడ్ నవ్వలేదు.
"తోక?"
చీలింది.
"గొంతు?"
ఇటుక రంగు.
"ఎక్కడ వాలింది?"
వాడు బూట్లకేసి చూసుకున్నాడు. వాలలేదు.
"రాయి," అన్నాడు నాతో.
"పక్కన ప్రశ్న గుర్తు పెట్టు.
చిన్నది పెట్టు."

పేజీ కోసం వెతుకుతూ వెనక్కి పోయాను.
డెబ్బై తొమ్మిది. పేర్లు లేవు అందులో,
మూడు గీతల కాలిముద్రలు,
పక్కన అంకెలు.
ఇదేమిటి?

"అప్పుడు ఒడ్డు మనది కాదు.
చీకటి పడేముందు సైనికుల ట్రాక్టరు వచ్చి
ఇసుకంతా దువ్విపోయేది, చాళ్ళు చాళ్ళుగా.
ఎవరూ సముద్రంలోకి జారిపోకుండా.
మనిషి అడుగు కనిపిస్తే తెల్లారి కుక్కలు.
ఇంట్లో దుర్భిణి ఉంటే అదో కేసు.
నేను చేపల సంఘంలో లెక్కల గుమాస్తాని.
పొద్దున్నే కంచె ఇవతల బోర్లా పడుకుని
ఆ ఇసుకని చదివేవాణ్ణి.
ఇది ఉల్లంకి, తొందరలో ఉంది.
ఇది హంస, పాదం చూడు, చాటంత.
ఇదెవరో, సగం దూరం వచ్చి మనసు మార్చుకుంది.
పక్షుల మీదికి మాత్రం కుక్కల్ని వదిలేవారు కాదు."

టీ చల్లారింది. ఆయన తాగలేదు.

"ఒక్కరోజు, వాటి మధ్యలో
మనిషి అడుగులు. ఉత్తి కాళ్ళు. చిన్నవి.
నీళ్ళ దాకా వెళ్ళాయి.
వెనక్కి రాలేదు.
అటు స్వీడన్ దాకా ఏమీ లేదు, నీళ్ళు తప్ప.
నా దగ్గర బకెట్టెడు చేపలున్నాయి.
కంచె మీంచి విసిరాను, అన్నీ.
సీగల్స్ ఎంతలా దిగాయనుకున్నావు?
సైనికులు వచ్చేసరికి
ఇసుకలో తొక్కని చోటు లేదు."

ఆ తేదీ దొరికింది నాకు.
లెక్క లేదు. గాలి మాత్రం ఉంది: తూర్పు నుంచి, నెమ్మదిగా.
పక్కన ఒక ప్రశ్న గుర్తు.
చిన్నది.

ఎవరని అడగలేదు నేను.
ఆయనకీ తెలియదనుకుంటాను.

ఏప్రిల్ ఇరవై ఆరున, నైరుతి గాలి,
మా టపా షెడ్డు తీగ మీద
తడిసిన రెక్కలు ముక్కుతో సర్దుకుంటూ వానకోవెల.
ఇంజను ఆపకుండానే దిగి పరిగెత్తాను:
వచ్చేసింది, నా కళ్ళతో చూశాను,
ఈ ఏడు మొదటిది!

ఆర్వెడ్ కిటికీ వైపు చెవి తిప్పి
కాసేపు ఊరుకున్నాడు.
"రాయి," అన్నాడు.
"రెండోది."