పొలుసు

ఆరుంపావుకి పసుపు వ్యాను వస్తుంది.
అప్పటికి కిసుములో చీకటి పూర్తిగా విడదు,
సరస్సు మీద పడవల మోటార్లు దగ్గుతుంటాయి.
అపోండి మెరూన్ స్వెట్టర్లో నిద్రపోతూనే ఎక్కుతుంది.
ఆ వ్యాను తలుపు ఒక్క పెట్టున పడదు,
రెండోసారి నేనే గట్టిగా వేస్తాను.

తర్వాత నా బడికి నడుస్తాను.
సర్కారు బడి. మూడో తరగతి. ఎనభై నాలుగు మంది.
బల్లకి అయిదుగురు, కిటికీ గూట్లో ఇద్దరు.
వాన పడితే రేకుల కింద నా నోరు ఆడుతుంది, పాఠం వినపడదు.
అందుకని వానాకాలమంతా
బోర్డు మీదే మాట్లాడతాను.

పదహారేళ్లుగా ఇదే నా వంట.
బాగానే వండుతానని పేరు.
నా పిల్లకి మాత్రం
పక్కవీధి నుంచి క్యారేజీ తెప్పిస్తాను.

తప్పేమిటి అంటాడు మా ఆయన.
తప్పేమీ లేదు.
టర్ముకి పద్దెనిమిది వేల షిల్లింగులు,
ఆడవాళ్ళ చీటీ ముందే పాడేసి కడుతున్నాం.
అక్కడ తరగతికి ఇరవై రెండు మంది.
వాళ్ళ టీచరుకి నా పిల్ల పన్ను ఊడిన రోజు కూడా తెలుసు.
నాకు జనవరిలో మొదలుపెడితే జూన్‌కి గాని
వెనక బెంచీ పేర్లు నోటికి రావు.
ఈ లెక్క ఎవరూ నాకు చెప్పక్కర్లేదు.
లెక్కలు చెప్పేదాన్నే.

సాయంత్రం మళ్ళీ దాని హోంవర్కు నేనే చూస్తాను.
ఒక్క పిల్ల ముందు కూచుంటే
అబ్బ, నేనెంత మంచి టీచర్ని!

ఓసారి స్టాఫ్ రూములో, కొత్తగా వచ్చిన కుర్రాడు
"మన పదకొండు మందిలో ఎవరి పిల్లలు ఇక్కడ చదువుతున్నారు?"
అన్నాడు, ఊరికే.
అందరం టీలో చక్కెర కలుపుతూ ఉండిపోయాం.
ఆ చక్కెర ఎప్పుడో కరిగిపోయింది.

ఒకెలో అని నా తరగతిలో ఒకడు.
తెల్లారగట్ల తల్లి పక్కన కూచుని
ఒమెనా చేపలు డబ్బాతో కొలిచి అమ్మి వస్తాడు.
పద్నాలుగు డబ్బాలు, డబ్బా అరవై,
నేను సుద్దముక్క వెతుక్కునేలోగా ఎనిమిది వందల నలభై అంటాడు,
తొమ్మిది వందలిస్తే చిల్లర ఎంతో కూడా.
చేతిరాత మాత్రం కోడి కెలికినట్టే.
వాడు చెయ్యెత్తినప్పుడల్లా, దాచడమెందుకు,
ఈ ఉద్యోగానికి నేను పనికొస్తాననిపిస్తుంది.

నిన్న వాళ్ళమ్మ వచ్చింది, రోజా అడెరా.
తిలాపియాలు శుభ్రం చేస్తూ చేస్తూ లేచొచ్చినట్టుంది,
బుట్ట గుమ్మం బయటే పెట్టింది.
"టీచరమ్మా, పడవలో నా వాటా అమ్మేద్దామనుకుంటున్నా.
మీ పాప వెళ్ళే బళ్ళో వేస్తే వీడు బాగుపడతాడా?
మీరెట్లా అంటే అట్లా."

గొంతులో వెలక్కాయ.
అమ్మమంటే, నా తరగతిలో దీపం నేనే ఆర్పుకున్నట్టు.
వద్దంటే,
ఎవరి కోసం వద్దంటున్నాను?
వాటా పోతే చేపలేవి, చేపలు పోతే
రెండో టర్ము ఫీజేది, అని చెప్పాను.
నిజమే చెప్పాను.
చెబుతున్నంతసేపూ నా గొంతు
హెడ్మాస్టరు గొంతులా ఉంది.
"ఇక్కడే ఉంచు. నేనున్నాను కదా" అన్నాను చివరికి.

నేనున్నాను కదా.
ఎనభై నాలుగో వంతు.

ఆమె నమ్మింది. అదే కష్టం.
నా చెయ్యి రెండు చేతుల్తో పట్టుకుని
గట్టిగా నొక్కి వెళ్ళింది.

రాత్రి అపోండి డైరీలో సంతకం పెడుతుంటే
బొటనవేలి పక్కన ఏదో తళుక్కుమంది.
చేప పొలుసు.
"స్టిక్కరా అమ్మా?" అంటూ
గోటితో మెల్లగా లేపి
వాళ్ళ టీచరు ఇచ్చిన బంగారు నక్షత్రం పక్కన
అంటించుకుంది.

వాసనొస్తుంది, తీసెయ్యమన్నాను.
తియ్యలేదు.